ముదిమిపై సభలు: ఉడ్స్‌హోల్ నుంచి అబుదాబి దాకా

1889 జూన్ 1న పారిస్‌లోని జీవశాస్త్ర సంఘం సమావేశంలో షార్ల్ ఎద్వార్ బ్రౌన్-సెకార్ ప్రసంగించడానికి లేచాడు. అప్పటికాయన వయసు 72. వెన్నుపాము మీద చేసిన పరిశోధనలతో ప్రపంచఖ్యాతి గడించినవాడు. కాలేజ్ ద ఫ్రాన్స్‌లో క్లోద్ బెర్నార్ తరువాత ఆచార్యపీఠాన్ని అధిష్ఠించినవాడు. అటువంటి పెద్దమనిషి ఆ రోజు సభకు చెప్పినదేమిటంటే, కుక్కల, గినీ పందుల వృషణాల నుంచి తీసిన రసాన్ని తన శరీరంలోకి తానే సూదితో ఎక్కించుకున్నాననీ, దానితో తనకు పడుచుదనపు సత్తువ తిరిగివచ్చిందనీ. సభ్యులు ఇబ్బందిగా విన్నారు. పత్రికలు మాత్రం ఆనందంగా విన్నాయి. కొద్ది నెలల్లో యూరప్‌లోనూ అమెరికాలోనూ ఆ రసం పేరుతో వ్యాపారం మొదలయింది. మూడు దశాబ్దాల తరువాత సెర్జ్ వొరొనాఫ్ కోతుల వృషణాల ముక్కలను ధనికులైన వృద్ధులకు అతికించి మరింత పేరూ మరింత డబ్బూ సంపాదించాడు.

వార్ధక్యపు జీవశాస్త్రం గురించి సభ పెట్టదలచినవారికి తరువాతి కాలమంతా ఎదురైన చిక్కు ఈ రెండు కథల్లోనూ ఉంది. కేన్సర్ మీద సభ పెట్టేవారిని అనుమానంగా చూసేవారుండరు. ముదిమి మీద సభ అనగానే, ఇది శాస్త్రమా, రసవాదమా అన్న ప్రశ్న తలుపు దగ్గరే నిలుచుంటుంది. అందుకే ఈ రంగంలో సభల చరిత్ర అంటే చాలామటుకు మర్యాద సంపాదించుకోవడానికి చేసిన ప్రయత్నాల చరిత్ర. ఎవరిని పిలవాలి, ఎవరిని పిలవకూడదు, ఖర్చు ఎవరు పెట్టాలి, ఏ ఊళ్ళో పెట్టాలి అన్నవి పైకి నిర్వాహకుల గుమాస్తా పనుల్లా కనిపిస్తాయి. కాని ఈ రంగం ఏ దిక్కుకు పోవాలో తరచు అవే నిర్ణయించాయి.

ఆ మర్యాదను మొదట గట్టిగా సంపాదించిపెట్టినవాడు ఎడ్మండ్ విన్సెంట్ కౌడ్రీ. కెనడాలో పుట్టి, కొంతకాలం పెకింగ్ వైద్యకళాశాలలో పనిచేసి, చివరికి సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో స్థిరపడిన కణశాస్త్రవేత్త. జోసయా మేసీ జూనియర్ ఫౌండేషన్ ఆర్థిక సహాయంతో 1933లో ధమనుల బిరుసుదనం మీద పెద్ద గ్రంథం ఒకటి సంకలించాడు. ధమనుల నుంచి మొత్తం శరీరానికి రావడం పెద్ద దూరం కాదు. అదే ఫౌండేషన్ ప్రోద్బలంతో 1937 వేసవిలో మసచూసెట్స్ సముద్రతీరాన, ఉడ్స్‌హోల్‌లో, వార్ధక్యం మీద ఒక చిన్న సభ జరిగింది. ఉడ్స్‌హోల్ ఎంపిక తెలివైనది. వేసవి వస్తే అమెరికాలోని జీవశాస్త్రజ్ఞులలో సగంమంది ఎలాగూ ఆ ఊరి సముద్రజీవ ప్రయోగశాలకు చేరుతుంటారు. పైగా ఆ ఊరి పేరు వింటే ఎవరికీ కోతుల వృషణాలు గుర్తుకు రావు.

పిలిచినవారి పట్టిక ఇంకా తెలివైనది. ముదిమిని వృత్తిగా పెట్టుకున్న శాస్త్రవేత్తలు అప్పటికి దాదాపు లేరు. కాబట్టి వేరువేరు శాస్త్రాలలో పేరున్నవారిని పిలిచి, మీ అవయవం గురించి, మీ జీవి గురించి, వయసు పైబడితే ఏమవుతుందో చెప్పండి అని కౌడ్రీ అడిగాడు. శరీరపు అంతస్సమతుల్యానికి ఇంగ్లీషులో నేటికీ వాడుతున్న పేరు పెట్టిన వాల్టర్ కానన్, ఆ సమతుల్యం వయసుతో ఎట్లా సడలుతుందో రాశాడు. తిండి తగ్గించి పెంచిన ఎలుకలు మామూలు ఎలుకలకంటే ఎక్కువకాలం బతికాయని 1935లో కార్నెల్ నుంచి ప్రకటించిన క్లైవ్ మెకే రసాయనిక మార్పుల గురించి రాశాడు. 1939లో ‘ప్రాబ్లమ్స్ ఆఫ్ ఏజింగ్’ పేరుతో ఆ వ్యాసాలు పుస్తకంగా వెలువడినప్పుడు దానికి ఉపోద్ఘాతం రాసినది వైద్యుడూ కాదు, జీవశాస్త్రజ్ఞుడూ కాదు. తత్త్వవేత్త జాన్ డ్యూయీ. అప్పటికి ఆయనకు 80 ఏళ్ళు కావస్తున్నాయి. చెట్లూ కీటకాలూ మొదలుకొని మానవ సమాజాల దాకా అన్నిటికీ ఆ పుస్తకంలో చోటుంది. మానవశాస్త్రవేత్త క్లార్క్ విస్లర్‌కూ, జీవిత బీమా గణాంకాల నిపుణుడు లూయీ డబ్లిన్‌కూ రక్తనాళాల నిపుణులతో సమానంగా ఆసనం దొరికింది. తరువాతి ఎనిమిది దశాబ్దాలలో సభల కార్యక్రమ పత్రాలు చూసేవారికి, ఈ మొదటి పట్టికకున్న వెడల్పు మళ్ళీ అరుదుగానే కనిపిస్తుంది.

కౌడ్రీ సంకలనకర్త అయితే, వ్లదీమిర్ కొరెంచెవ్‌స్కీ ప్రచారకుడు. 1880లో పుట్టిన ఈ రష్యన్ వైద్యుడు మెచ్నికాఫ్ ప్రభావంలో పెరిగినవాడు. ముదిమిశాస్త్రానికి జెరొంటాలజీ అన్న పేరును 1903లో పెట్టినవాడు ఆ మెచ్నికాఫే. విప్లవం తరువాత దేశం విడిచి లండన్ చేరి, లిస్టర్ సంస్థలో హార్మోన్ల మీద పనిచేస్తూ, 1939లో వార్ధక్య పరిశోధనకు ఒక బ్రిటిష్ క్లబ్బు స్థాపించాడు కొరెంచెవ్‌స్కీ. సంఘం కాదు, క్లబ్బు. ఆ మాట బహుశా కావాలనే ఎంచుకున్నది. క్లబ్బుకు భవనం అక్కరలేదు, పెద్ద చందాలు అక్కరలేదు, దేశదేశాన ఒక శాఖ తెరవడానికి నలుగురు మనుషులు చాలు. యుద్ధం ముంచుకొస్తున్న ఏడాదిలో, పరాయిదేశంలో, యాస పోని ఇంగ్లీషుతో, ఎవరూ పట్టించుకోని విషయాన్ని పట్టుకుని ఊరూరా తిరిగిన ఆ మనిషి పట్టుదలను పరదేశాల్లో సంఘాలు నడిపే తెలుగువారు తేలికగానే గుర్తుపడతారు. మోటారు కార్ల వ్యాపారంలో కోట్లు గడించిన లార్డ్ నఫీల్డ్ ఆయనకు ఆక్స్‌ఫర్డ్‌లో చిన్న ప్రయోగశాల నడుపుకోవడానికి సహాయం చేశాడు.

ఈ క్లబ్బుల ఫలితమే 1950 జూలైలో బెల్జియంలోని లియేజ్ నగరంలో జరిగిన మొదటి అంతర్జాతీయ జెరొంటాలజీ మహాసభ. అంతర్జాతీయ సంఘం అక్కడే పుట్టింది. మరుసటి సంవత్సరమే రెండవ సభను కౌడ్రీ తన ఊరైన సెయింట్ లూయిస్‌లో నిర్వహించాడు. ఆపైన లండన్, వెనిస్, శాన్ ఫ్రాన్సిస్కో, కోపెన్‌హేగన్, వియన్నా, వాషింగ్టన్. 1972లో సోవియట్ యూనియన్‌లోని కీవ్ వంతు వచ్చింది. 1958 నుంచీ అక్కడ ఒక పెద్ద వార్ధక్య పరిశోధన సంస్థ ఉంది, సభకు అది సహజంగానే ఆతిథ్యమిచ్చింది. తరువాత జెరూసలేం, టోక్యో మొదలైనవి. 1950 నుంచి 2022 దాకా ఇట్లా 22 మహాసభలు జరిగాయి. భారత ఉపఖండంలో ఒక్కటి లేదు, అరబ్బు దేశాల్లోనూ ఒక్కటి లేదు. ప్రపంచంలో ముసలివారి సంఖ్య అన్నిటికంటే వేగంగా పెరుగుతున్న ప్రాంతాలను ఆ పటంలో వెతికితే ఎక్కువభాగం ఖాళీయే.

మహాసభలు పెద్దవయ్యేకొద్దీ జీవశాస్త్రజ్ఞులు వాటిలో ఒక మూలకు నెట్టబడ్డారు. పింఛన్లు, ఆశ్రమాలు, నర్సింగు, మనస్తత్వం, ఇవన్నీ అవసరమైనవే. కాని కణం గురించి మాట్లాడదలచినవాడికి అక్కడ వినేవారు తక్కువ. అసలు పని చిన్న సభల్లో జరిగింది. లండన్‌లోని పోర్ట్‌లండ్ ప్లేస్‌లో సీబా ఫౌండేషన్ 1950లలో వార్ధక్యం మీద వరుసగా కొన్ని గోష్ఠులు ఏర్పాటు చేసింది. గదికి సరిపడా మనుషులు, ప్రతి పత్రం తరువాత పత్రమంత పొడవైన చర్చ, ఆ చర్చ కూడా అచ్చులో. దానికి పూర్తిగా విరుద్ధమైన పద్ధతి అమెరికాలోని గోర్డన్ సభలది. అక్కడ చెప్పినదేదీ అచ్చు కాకూడదు, అనుమతి లేకుండా ఎవరూ ఉటంకించకూడదు. ఉదయమూ రాత్రీ ప్రసంగాలు, మధ్యాహ్నం పూర్తిగా ఖాళీ. ఆ ఖాళీ మధ్యాహ్నాలు వృథా కావు. ప్రత్యర్థులు కలిసి నడకకు పోయి, పత్రాల్లో ఒప్పుకోని తప్పులు ఒకరితో ఒకరు ఒప్పుకునేది అప్పుడే. 1960ల తొలినాళ్ళ నుంచీ వార్ధక్యపు జీవశాస్త్రానికి ఆ పరంపరలో చోటు దొరికింది.

సరిగ్గా ఆ కాలానికే లెనార్డ్ హేఫ్లిక్, పాల్ మోర్‌హెడ్ 1961లో తమ పత్రం ప్రకటించారు. మనిషి మామూలు కణాలు గాజుపాత్రలో యాభైసార్లకు అటూఇటూ విభజన చెంది ఆగిపోతాయన్నది దాని సారం. అలెక్సిస్ కారెల్ అనే నోబెల్ గ్రహీత, కోడిపిల్ల గుండె కణాలు తన ప్రయోగశాలలో దశాబ్దాలుగా చావు లేకుండా పెరుగుతున్నాయని చాటినందువల్ల, కణాలకు ముదిమి లేదన్నది అప్పటికి పాఠ్యపుస్తకాల్లో ఉన్న సత్యం. హేఫ్లిక్ పత్రాన్ని మొదట పంపిన పేరున్న పత్రిక తిరగ్గొట్టింది. అటువంటి ఫలితం నిలబడాలంటే పత్రిక ఒక్కటే చాలదు. ఎదురుగా కూర్చుని, పాత్రల శుభ్రత నుంచి పోషకద్రవం దాకా ప్రతిదీ అడిగే పదిమంది కావాలి. సభ అనేది ఆ పదిమందిని ఒకచోట చేర్చే ఏర్పాటు.

భారతదేశంలో ఈ విషయానికి వేదిక కట్టినవారిలో ముఖ్యుడు బనారస్ హిందూ విశ్వవిద్యాలయపు ఎం. ఎస్. కనుంగో. ఒడిశావాడు. వయసుతో జన్యువుల పని మారడమే ముదిమికి మూలమని వాదించి, 1980లో వార్ధక్యపు జీవరసాయనశాస్త్రం మీదా, 1994లో జన్యువులూ వార్ధక్యమూ అన్న విషయం మీదా విదేశీ ప్రచురణకర్తల ద్వారా రెండు గ్రంథాలు వెలువరించాడు. భారత జెరొంటాలజీ సంఘం 1982లో వారణాసి కేంద్రంగా ఏర్పడింది. అదే దశాబ్దంలో తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో పి. వి. రామమూర్తి మనస్తత్వశాస్త్ర విభాగం నుంచి వార్ధక్య పరిశోధనకు ఒక కేంద్రాన్ని నిలబెట్టాడు. పల్లెల్లో, చిన్న ఊళ్ళలో ఉన్న తెలుగు వృద్ధుల మానసిక స్థితిని పద్ధతి ప్రకారం పరిశీలించిన తొలి ప్రయత్నాలలో అది ఒకటి. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో కల్లూరి సుబ్బారావు ముదిమి చెందే మెదడులో డీఎన్ఏ మరమ్మతు ఎట్లా మందగిస్తుందన్న ప్రశ్న మీద ఏళ్ళ తరబడి పనిచేశాడు. పుట్టిన తరువాత విభజన చెందని నాడీకణం జీవితాంతం ఒకే డీఎన్ఏతో నెట్టుకురావాలి కనుక, అక్కడ మరమ్మతు అన్నది కణానికి చావుబతుకుల విషయం. తెలుగునాట ఈ మూడు దారులూ, అంటే మనస్సు, కణం, వైద్యం, ఒకే వేదిక మీద కలిసిన సందర్భాలు తక్కువ. జరాచికిత్సను ఎనిమిది అంగాలలో ఒకటిగా లెక్కించిన ఆయుర్వేదం మన దగ్గర ఉందని ప్రారంభోపన్యాసంలో చెప్పుకోవడం మాత్రం ప్రతి సభలోనూ ఆనవాయితీ. అరబ్బు సభల్లో ఇబ్న్ సీనా పేరు ఆ పని చేస్తుంది.

ఈ నేపథ్యంలో ఐక్య అరబ్బు ఎమిరేట్ల వైపు చూస్తే కథ వేరుగా ఉంటుంది. అక్కడ సభలకు కావలసిన హంగులు ముందు వచ్చాయి, శాస్త్రం తరువాత వచ్చింది. 1968 జనాభా లెక్కల్లో ఆ ఏడు చిన్న రాజ్యాలలో కలిపి ఉన్నది 1,80,000 మంది. దుబాయిలో మక్తూమ్ ఆసుపత్రి 1951లో మొదలయింది. అల్ ఐన్‌లో కెనెడీ దంపతులనే అమెరికన్ వైద్యులు 1960లో మట్టి ఇటుకల అతిథిగృహంలో ఆసుపత్రి తెరిచారు. పురిట్లో తల్లులూ బిడ్డలూ చనిపోవడం అప్పటి పెద్ద సమస్య. సగటు ఆయుర్దాయం 50 ఏళ్ళకు అటూఇటూ. నేడది 80 ఏళ్ళ ప్రాంతంలో ఉంది. ఐరోపా ఒకటిన్నర శతాబ్దంలో నడిచిన దూరం అది. ఒక్క మనిషి జీవితకాలంలో అది జరిగిపోయినందువల్ల, బాల్యంలో ఖర్జూరమూ ఎండుచేపలూ తిని పెరిగిన తరం మధుమేహంతో ముసలిదవుతోంది. వార్ధక్యం మీద పరిశోధించేవారికి ఇంత ఆసక్తికరమైన తరం ప్రపంచంలో ఎక్కువ చోట్ల దొరకదు.

1979లో దుబాయి వాణిజ్యకేంద్రపు భవనం ప్రారంభమయింది. 1985లో ఎమిరేట్స్ విమానాలు ఎగరడం మొదలుపెట్టాయి. వైద్య పరికరాల ప్రదర్శనగా 1970ల మధ్యలో మొదలైన అరబ్ హెల్త్ 2025లో 50వ సారి జరిగింది. తూర్పు పడమరలకు మధ్య విమానాలు మారే చోట, వీసా తేలికగా దొరికే చోట, హోటలు గదులు వేలల్లో ఉన్న చోట సభ పెట్టడం సులువు. హైదరాబాదు నుంచి నాలుగు గంటల లోపు ప్రయాణం. నైరోబీ, కరాచీ, కైరోల పరిశోధక విద్యార్థికి వియన్నా వీసా సంపాదించడం కంటే దుబాయి వీసా సంపాదించడం ఎంత తేలికో ఆ విద్యార్థులనే అడగాలి. పటంలోని ఆ ఖాళీని నింపడానికి ఇది చిన్న సౌకర్యం కాదు.

శాస్త్రం దృష్ట్యా అక్కడ గట్టి పునాది పడింది జన్యుశాస్త్రంలో. 1999లో షేక్ హమ్దాన్ బిన్ రాషిద్ అల్ మక్తూమ్ పేరిట వైద్యశాస్త్ర పురస్కార సంస్థ ఏర్పడింది. దాని కిందనే దుబాయిలో అరబ్బు జన్యు అధ్యయన కేంద్రం వెలిసి, అరబ్బులలో కనిపించే జన్యువ్యాధుల పట్టికను ఏళ్ళ తరబడి కూర్చింది. 2006 నుంచి అఖిల అరబ్బు మానవ జన్యుశాస్త్ర సభలను నిర్వహించింది. దగ్గరి బంధువులలో పెళ్ళిళ్ళు ఎక్కువగా ఉన్న సమాజంలో అరుదైన జన్యులోపాలు ఎట్లా బయటపడతాయన్నది ఆ సభల ప్రధాన విషయాలలో ఒకటి. మేనరికాలు తెలిసిన తెలుగు వైద్యులకు అది పరాయి సమస్య కాదు. ఆ సభల పద్ధతి కూడా గమనించదగ్గది. ముందు పట్టిక, తరువాత సభ. చెప్పడానికి స్థానికంగా ఏదో ఉన్న తరువాతనే అతిథులను పిలిచారు. దాని కొనసాగింపుగానే ఎమిరాతీ జన్యు కార్యక్రమం వచ్చింది. 10 లక్షల మంది పౌరుల జన్యుక్రమాన్ని నమోదు చేయడం దాని లక్ష్యం. 2025 నాటికి 8 లక్షలు దాటాయని ప్రకటించారు. జనాభాలో ఇంత పెద్ద భాగాన్ని చదివిన దేశాలు వేళ్ళ మీద లెక్కపెట్టవలసినవే.

వార్ధక్యం వంతు ఆ తరువాత వచ్చింది, వచ్చినప్పుడు డబ్బుతో వచ్చింది. 2021లో పొరుగున సౌదీ అరేబియా హెవల్యూషన్ ఫౌండేషన్ స్థాపించి, ఆరోగ్యంగా బతికే కాలాన్ని పొడిగించే పరిశోధనలకు ఏడాదికి 100 కోట్ల డాలర్ల దాకా ఇస్తామని చాటింది. 2023 నవంబరులో రియాద్‌లో మొదటి ప్రపంచ సదస్సు జరిపింది. అమెరికాలో ప్రభుత్వ సహాయం కోసం ఏళ్ళ తరబడి దరఖాస్తులు రాసే జీవశాస్త్రజ్ఞులు రియాద్ విమానం ఎక్కారు. అబుదాబి తన దారిలో తాను కదిలింది. కృత్రిమ మేధతో మందులు వెతికే ఇన్‌సిలికో మెడిసిన్ సంస్థ మస్దర్ సిటీలో పరిశోధన కేంద్రం తెరిచింది. దాని అధిపతి అలెక్స్ జావరాంకవ్, వార్ధక్యంపై ఔషధపరిశోధన గురించి 2014 నుంచి ఏటా జరిగే, నేడు కోపెన్‌హేగన్‌లో స్థిరపడిన సభను ఆరంభించినవారిలో ఒకడు. 2024లో అబుదాబి ఆరోగ్యశాఖ దీర్ఘాయుర్వైద్య కేంద్రాలకు ప్రమాణాలు రాసి, ఆ కోవలో మొదటి కేంద్రానికి అనుమతినిచ్చింది. 2025 ఏప్రిల్ 15 నుంచి 17 దాకా జరిగిన అబుదాబి ప్రపంచ ఆరోగ్య వారోత్సవానికి ఎంచుకున్న అంశమే దీర్ఘాయువు.

ప్రమాణాలు రాయడం మంచి పనే. రాయకపోతే ఏమవుతుందో బ్రౌన్-సెకార్ కాలం నుంచీ తెలుసు. అయితే పరిశోధకుడూ, మందు అమ్మేవాడూ, పెట్టుబడి పెట్టేవాడూ, అనుమతినిచ్చే అధికారీ ఒకే వేదిక మీద, ఒకే ఆతిథ్యంలో కూర్చునే సభలో, ప్రశ్న అడిగేవాడి ఆసనం ఎక్కడ అన్నది కార్యక్రమ పత్రం చూస్తే తేలదు. ఈ భయం కొత్తది కాదు. 2002లో జే ఒల్షాన్‌స్కీ, హేఫ్లిక్, బ్రూస్ కార్న్స్ కలిసి, ముదిమిని ఆపే మందు ఏదీ అప్పటికి లేదని 51 మంది శాస్త్రవేత్తల పేర్లతో ప్రకటన వెలువరించారు. 2003లో ఆబ్రీ డి గ్రే కేంబ్రిడ్జిలో అంతర్జాతీయ సభ నిర్వహించి, ముదిమిని యంత్రాన్ని బాగుచేసినట్టు బాగుచేయవచ్చన్న తన వాదానికి వేదిక కల్పించుకున్నాడు. రెండేళ్ళకు 28 మంది పరిశోధకులు, ఆ వాదానికి ఋజువులు లేవంటూ ఒక పత్రికలో సంయుక్తంగా రాశారు. వారిలో కొందరు అటువంటి సభల్లో మాట్లాడినవారే. మంచి సభ పెట్టడమంటే సభలో ఎవరి పక్కన ఎవరు కనిపిస్తారో లెక్కచూసుకోవడం కూడానని ఆ గొడవ తేల్చింది.

ఇంకో మరక కూడా ఉంది. దాని ఊరు హైదరాబాదు కనుక దాటవేయడం కుదరదు. పరిశోధకులకు దాదాపు ప్రతి ఉదయమూ ఉత్తరాలు వస్తుంటాయి. గౌరవనీయ ఆచార్యా, దుబాయిలో జరిగే వార్ధక్య ప్రపంచ సదస్సుకు మిమ్మల్ని ముఖ్యవక్తగా ఆహ్వానిస్తున్నాము, అని. నమోదు రుసుము వందల డాలర్లు. ఈ తరహా వ్యాపారంలో ప్రపంచంలోనే పేరు మోసిన ఓమిక్స్ సంస్థ హైదరాబాదు కేంద్రంగా పనిచేసేది. పత్రాలను నిపుణులు పరిశీలిస్తారని అబద్ధం చెప్పారనీ, రుసుము సంగతి దాచారనీ, సభలకు రాని ప్రముఖుల పేర్లను వక్తలుగా ప్రచారం చేశారనీ అమెరికా వాణిజ్య సంఘం 2016లో దావా వేసింది. 2019 మార్చిలో నెవాడా ఫెడరల్ న్యాయస్థానం ఆ సంస్థకు వ్యతిరేకంగా 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పు ఇచ్చింది. మరుసటి సంవత్సరం పైకోర్టు దాన్ని సమర్థించింది.

ఆ సభల్లో మోసపోయినవారిని తెలివితక్కువవారనడం తేలిక. పదోన్నతికి అంతర్జాతీయ సభలో పత్రం చదివినట్టు కాగితం కావాలన్న నియమం ఉన్న కళాశాలలో పనిచేసే అధ్యాపకుడికి, లియేజ్ నుంచి బ్వేనస్ ఐరిస్ దాకా ఏ మహాసభా తన పొలిమేరల్లోకి రానప్పుడు, దుబాయి హోటల్లో మూడు రోజుల సదస్సు ఎట్లా కనిపిస్తుందో ఊహించవచ్చు. అసలు సభ రాని చోటికే నకిలీ సభ వస్తుంది. కొరెంచెవ్‌స్కీ క్లబ్బు పెట్టినప్పుడు కావలసింది నలుగురు మనుషులు. నకిలీ సభకూ అంతే చాలు. తేడా ఏమిటంటే ఆ నలుగురూ ఒకరి పత్రం ఒకరు చదవరు.

ఎమిరేట్లలో వార్ధక్యం మీద సభ పెట్టేవారికి ఇవన్నీ దాటిన తరువాత మరొక చిక్కు మిగులుతుంది. అది ఆ దేశానిదే. జనాభా కోటి దాటింది. అందులో పౌరులు పదింట ఒక వంతుకు కాస్త ఎక్కువ. 65 దాటినవారు మొత్తం జనాభాలో నూటికి ఇద్దరు ముగ్గురికి మించరు. ఆ అంకెను చూసి అది పడుచుదేశమనుకుంటే పొరపాటు. పని ఉన్నంతకాలమే నివాసానుమతి. పని ముగిస్తే ప్రయాణం. ముదిమి అక్కడ జరగక కాదు, మొదలైన చోట పూర్తి కాదు కనుక లెక్కకు రాదు. ఇరవై రెండేళ్ళకు వెళ్ళి యాభై అయిదుకు తిరిగివచ్చిన జగిత్యాల తాపీమేస్త్రీ శరీరంలో ఆ ముప్పై మూడేళ్ళూ ఉంటాయి. దేశపు గణాంకాల్లో ఉండవు. 2018లో ఎమిరేట్ల ప్రభుత్వం వృద్ధులన్న మాటకు బదులు ‘కిబార్ అల్ మువాతినీన్’ అన్న గౌరవవాచకం తెచ్చింది, 2019లో వారి హక్కులకు చట్టం చేసింది. పెద్ద పౌరులు అని ఆ మాటకు అర్థం. మాటలోనే పౌరులన్న హద్దు ఉంది. జన్యు కార్యక్రమానికీ ఆ హద్దే. సంపన్నుడైన విదేశీయుడికి విశ్రాంత వీసా అని ఒక కిటికీ తెరిచారు గాని, దానికి కావలసిన ఆస్తి తాపీమేస్త్రీ దగ్గర ఉండదు.

ఇది న్యాయం గురించిన ఫిర్యాదు మాత్రమే అయితే జీవశాస్త్ర సభలో దానికి చోటు లేదని తోసెయ్యవచ్చు. కాని ఇది జీవశాస్త్రపు ప్రశ్న. 2013లో స్టీవ్ హోర్వాత్ డీఎన్ఏ మీద 353 చోట్ల అతుక్కునే మిథైల్ గుర్తులను బట్టి వయసు చెప్పే గడియారాన్ని ప్రకటించాడు. తరువాత అటువంటివి చాలా వచ్చాయి. 2025లో అమెరికాలో 56 ఏళ్ళు పైబడిన 3,600 మందికి పైగా రక్తాన్ని పరిశీలించిన ఒక అధ్యయనంలో, ఎండ తీవ్రంగా ఉండే రోజులు ఎక్కువగా ఉన్న ప్రాంతాలవారిలో ఈ గడియారాలు ముందుకు జరిగి కనిపించాయి. ఎయిర్ కండిషనర్లు ఉన్న దేశంలో, పనులు మానిన వయసువారిలో, ఇంత తేడా కనిపించింది. ఎమిరేట్లలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల దాకా ఎండలో పని నిషేధించే నియమం రెండు దశాబ్దాలుగా అమలులో ఉంది. అది అవసరమని ఒప్పుకోవడమే ఆ నియమం. ఆ రెండున్నర గంటలకు ముందూ తరువాతా పనిచేసిన శరీరంలో, ముప్పై ఏళ్ళకు, మూత్రపిండంలోనూ రక్తనాళంలోనూ కణపు గడియారంలోనూ ఏమి మిగులుతుంది? ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి గల్ఫ్ కంటే మంచి చోటు లేదు. ఇక్కడ నమూనా లక్షల్లో ఉంది. ఒకే ఎండ, వేరువేరు జన్యువులు, పనిలో చేరేముందు ప్రతి ఒక్కరికీ తప్పనిసరి వైద్యపరీక్ష, పని మొదలుపెట్టిన తేదీ, ఆపిన తేదీ కాగితం మీద. ప్రయోగం రూపొందించేవాడు కోరుకునేవి దాదాపు అన్నీ ఇక్కడే ఉన్నాయి.

రెండో కొస తెలుగునాట ఉంది. 2017-18లో జరిగిన భారత వార్ధక్య దీర్ఘకాలిక అధ్యయనం తొలి విడత, 45 ఏళ్ళు దాటిన 72,250 మందిని పలకరించింది; ఆంధ్రప్రదేశ్, తెలంగాణలు అందులో ఉన్నాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదవ విడత ప్రకారం ఒక స్త్రీకి సగటున పుట్టే పిల్లలు ఆంధ్రలో 1.7, తెలంగాణలో 1.8. పంచాయతీ ఎన్నికల్లో ఇద్దరు పిల్లల నిబంధనను ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024లో ఎత్తివేసింది, రాష్ట్రం ముసలిదవుతోందన్న కారణం చూపి. కోనసీమ, కడప, నిజామాబాదు, కరీంనగర్ పల్లెల్లో ఆ ముసలితనంలో ఒక భాగం గల్ఫ్ నుంచి తిరిగివచ్చినదే. అక్కడ మొదలై ఇక్కడ పూర్తయ్యే వార్ధక్యాన్ని చదవాలంటే రెండు దేశాల పరిశోధకులు ఒక బల్ల దగ్గర కూర్చోవాలి. గోర్డన్ పద్ధతిలో, అచ్చు లేకుండా, మధ్యాహ్నాలు ఖాళీగా ఉంచి అయినా సరే.

ఇటువంటి పనికి స్థానిక పునాది లేకపోలేదు. షార్జా విశ్వవిద్యాలయంలో రంజాను ఉపవాసం శరీర జీవక్రియలనూ జన్యువుల పనినీ ఎట్లా మారుస్తుందో పరిశోధించారు. మెకే ఎలుకలకు తిండి తగ్గించి చూసినదాన్ని, ఒక మొత్తం సమాజం ఏటా ఒక నెలపాటు తనంతట తాను చేస్తుండగా గమనించడం అది. తన చోట తప్ప మరెక్కడా అంత సహజంగా దొరకని ప్రశ్నను ఎంచుకున్నందువల్ల ఆ పని నిలబడింది. కౌడ్రీ 1937లో మానవశాస్త్రవేత్తనూ బీమా గణాంకవేత్తనూ పిలిచింది కూడా, ముదిమి ఏ చోట, ఏ బతుకులో జరుగుతుందో తెలియకుండా కణాన్ని మాత్రమే చూస్తే చాలదన్న ఆలోచనతోనే.

అబుదాబిలో దీర్ఘాయువు మీద సభ జరిగిన జాతీయ ప్రదర్శన కేంద్రం నుంచి, వేలాది కార్మికుల వసతిగృహాలున్న ముసఫ్ఫాకు కారులో అరగంట.